600 గజాల టార్గెట్‌కు .223 సరిపోతుందా, 6.5 క్రీడ్‌మూర్ కావాలా?

కొత్తగురి: ఇన్నాళ్లూ అరువు రైఫిల్‌తో 300 గజాల దాకా కొట్టాను. ఇప్పుడు సొంతది కొంటున్నాను. వేట లేదు, 300 నుంచి 600 గజాల్లో కాగితం టార్గెట్లే. .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్ అనే మూడు తూటా రకాల్లో ఏది తీసుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది.

గాలిజెండా: క్రీడ్‌మూర్ తీసుకోండి. దాన్ని తయారుచేసిందే టార్గెట్ షూటింగ్ కోసం. గంటకు 10 మైళ్ల గాలి అడ్డంగా వీస్తే, 600 గజాల దగ్గర .308లోని 168 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) బుల్లెట్ 30 అంగుళాలకు పైగా పక్కకు పోతుంది. క్రీడ్‌మూర్ 140 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ రెండడుగుల లోపే ఉంటుంది. ఎఫ్-క్లాస్‌లో (పడుకుని, ఆసరా మీద రైఫిల్ పెట్టి కొట్టే దూరపు పోటీ) ఆ దూరానికి పది పాయింట్ల వలయమే సుమారు 6 అంగుళాలు. గాలి అంచనా కాస్త తప్పినా క్రీడ్‌మూర్ కాపాడుతుంది.

పాతబారెల్: గాలిజెండా గారి లెక్క సరైనదే. కానీ .223 గురించి ఒక్క మాటా చెప్పలేదు. 80 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ వేస్తే .223 కూడా గాలిలో ఆ .308కు దాదాపు సమానంగా నిలబడుతుంది. పౌడర్ 25 గ్రెయిన్ల దరిదాపుల్లో చాలు, క్రీడ్‌మూర్‌కు 40 పైనే పడుతుంది. క్రీడ్‌మూర్ బారెల్‌లో మ్యాచ్ స్థాయి గురి సాధారణంగా 2,500, 3,000 రౌండ్లకే తగ్గడం మొదలవుతుంది.

నాకు అసలు పాఠం నేర్పింది రీకాయిల్, అంటే పేల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బ. రెండేళ్లు .308తో పడుకుని కొట్టాను. అరవై రౌండ్ల మ్యాచ్‌లో చివరి ఇరవైకి వచ్చేసరికి, ట్రిగ్గర్ తెగకముందే భుజం బిగుసుకుపోయేది. తప్పు గాలిదనుకుని సైట్లు తిప్పుతూ ఉండేవాణ్ణి. .223కి మారాక తూటా ఎక్కడ తగిలిందో స్కోప్‌లోంచి కన్ను తీయకుండా చూడగలిగాను. గాలి చదవడం నాకు అప్పుడే వచ్చింది. కొత్తవాళ్లకు కావలసింది ఎక్కువ రౌండ్లు కొట్టగలగడం.

గాలిజెండా: రీకాయిల్ మాట ఒప్పుకుంటాను. అయినా క్రీడ్‌మూర్ దెబ్బ .308 కంటే తక్కువే కదా అన్నా. రేపు ఈయన 1,000 గజాలకు వెళ్తే .223 చాలా కష్టపెడుతుంది.

పాతబారెల్: ఆయన అడిగింది 600 గురించి. ఇంకో సంగతి, ఎఫ్-క్లాస్‌లోని ఎఫ్-టీఆర్ విభాగంలో .223, .308లకే చోటు. క్రీడ్‌మూర్‌తో వెళ్తే ఎఫ్-ఓపెన్ విభాగంలో పెద్ద 7 మి.మీ. తూటాలతో తలపడాలి. మొదటి ఏడాదే అక్కడికి పంపడం నాకు ఇష్టం లేదు.

కొత్తగురి: ఎఫ్-టీఆర్ నియమం నాకు తెలియదు. అయితే .223 వైపే వెళ్తాను. ట్విస్ట్ (బారెల్ లోపలి గాడుల మెలిక) ఎంత చూడాలి? 80 గ్రెయిన్ల తూటా మ్యాగజీన్‌లో పడుతుందా?

పాతబారెల్: 8 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న బారెల్ చూడండి. 12కి ఒక చుట్టు ఉన్నది వద్దు, అంత పొడవు బుల్లెట్ అందులో నిలకడగా తిరగదు. ఇక 80 గ్రెయిన్ల తూటా మామూలు మ్యాగజీన్‌లో పట్టదు, ఒక్కొక్కటే చేత్తో చాంబర్‌లో పెట్టాలి. మ్యాగజీన్‌తో గబగబా కొట్టే మ్యాచ్‌లకైతే 77 గ్రెయిన్లది వాడండి.