డిసెంబరులో రెండు పండగల ఇంటికి పిలుపు: ఏం పట్టుకెళ్లాలి, ఎన్నింటికి వెళ్లాలి?

ఎడిసన్ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆగస్టులో న్యూజెర్సీ వచ్చాం. పక్కింటాయన యూదుడు, ఆవిడ ఇటాలియన్ క్యాథలిక్. 2026 డిసెంబరు 4, శుక్రవారం సాయంత్రం యూదుల దీపాల పండగ హనుక్కాకి రమ్మన్నారు. 24 రాత్రి చేపల భోజనానికి కూడా పిలిచారు. 26న వాళ్లతోపాటు మా కారులో స్కీయింగ్‌కి వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్‌కి వెళ్తున్నాం. నేను శాకాహారిని, మావారు అన్నీ తింటారు. పిల్లలిద్దరు. ఏం పట్టుకెళ్లాలి, ఏం చేయకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి.

చెర్రీ హిల్ నుంచి

అమ్మా, వంట సంగతి తర్వాత, ముందు టైము చూసుకోండి. హనుక్కా యూదుల కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది. వాళ్లదీ చంద్రుణ్ని పట్టి నడిచే లెక్కే, మధ్యమధ్య అధికమాసం వేసి సర్దుకుంటారు. అందుకే ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2024లో మొదటి దీపం డిసెంబరు 25 సాయంత్రమే పడింది. 2025లో 14న, ఈసారి 4న. 2027లో 24న, అదీ శుక్రవారం. అంటే మొదటి దీపం, షబ్బాత్ (శుక్రవారం పొద్దుగుంకాక మొదలయ్యే యూదుల విశ్రాంతి రోజు), చేపల భోజనం మూడూ ఒక్క సాయంత్రమే. ఈసారి హనుక్కా 12న ముగిశాక 24కి ఇంకా పన్నెండు రోజులుంది, మీ అదృష్టం.

వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఎడిసన్‌లో డిసెంబరు 4న పొద్దు సుమారు నాలుగున్నరకి కుంకుతుంది. షబ్బాత్ దీపాలు దానికి 18 నిమిషాల ముందు వెలిగించడం వాడుక. షబ్బాత్ మొదలయ్యాక నిప్పు ముట్టించకూడదు కాబట్టి శుక్రవారం హనుక్కా దీపాలు వాటికంటే ముందే వెలగాలి. నిష్ఠగా పాటించే ఇల్లయితే నాలుగూ పదికల్లా అంతా అయిపోతుంది. మీరు ఆరింటికి వెళ్తే కొవ్వొత్తుల అడుగులు చూసి రావాలి.

అందుకే ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "దీపాలు ఎన్నింటికి వెలిగిస్తారు?" నాలుగింటికి అన్నారంటే షబ్బాత్ పాటించే ఇల్లు. సూర్యాస్తమయం తర్వాత ఫోను తీయకండి, ఫొటోలు అసలే వద్దు. ఆరున్నరకి, అందరూ వచ్చాక అన్నారంటే పండగని కుటుంబ వేడుకగా చేసుకునేవాళ్లు. మీరు చెప్పినటువంటి ఇళ్లలో ఎక్కువగా ఈ రెండోదే. అయినా అడక్కుండా అనుకోకండి.

ఇక దీపాల వరస. హనుక్కా మెనోరాకి, అంటే దీపాల సెమ్మెకి, తొమ్మిది స్థానాలు. ఎనిమిది ఒకే ఎత్తులో ఉంటాయి, తొమ్మిదోది కాస్త ఎత్తుగానో పక్కగానో ఉంటుంది. దాని పేరు షమాష్, సేవకుడు అని అర్థం. కొవ్వొత్తులు కుడివైపు నుంచి పెట్టుకొస్తారు. వెలిగించడం మాత్రం ఎడమనుంచి, అంటే ఆ రోజు కొత్తగా చేరినదానితో మొదలు. ముందు షమాష్ వెలిగించి, ప్రార్థన చదివి, దానితో మిగతావి ముట్టిస్తారు. రోజూ రెండు ప్రార్థనలు, మొదటి రోజు మాత్రం మూడు. మీరు వెళ్లేది మొదటి రోజే, షమాష్ కాక ఒకటే దీపం. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలకి "ఇంతేనా" అనిపించవచ్చు, ముందే చెప్పి ఉంచండి.

ఊదకూడదు. పిల్లలు పుట్టినరోజు కేకు అలవాటుకొద్దీ ముందుకి వంగుతారు, చెయ్యి పట్టుకోండి. మనింట్లో దీపం కొండెక్కేదాకా ఎలా వదిలేస్తామో ఇదీ అంతే. ఆ వెలుగుని ఏ పనికీ వాడుకోకూడదన్నది నియమం, షమాష్ ఉన్నది అందుకే.

"యూదుల క్రిస్మస్" అని మాత్రం అనకండి. వాళ్ల లెక్కలో హనుక్కా చిన్న పండగ. యోమ్ కిప్పూర్, పస్కా చాలా పెద్దవి. క్రీ.పూ. 164లో మక్కబీయులనే యూదు తిరుగుబాటుదారులు యెరూషలేము ఆలయాన్ని తిరిగి ప్రతిష్ఠించిన సందర్భం ఇది. మన చర్చి కుటుంబాలవాళ్లకి గుర్తుండే ఉంటుంది, యోహాను సువార్త 10వ అధ్యాయం 22వ వచనంలోని ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఇదే. గుంటూరు వైపువాళ్లయితే ఇంకో మాట: చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము అనే తెలుగు యూదులున్నారు. ఆ సాయంత్రం మాట కలపడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు.

క్వీన్స్ నుంచి

తిండి సంగతి నేను చెప్తాను. "మాది శాకాహారం కదా, పులిహోర పట్టుకెళ్తే ఏ గొడవా ఉండదు" అని అందరూ అనుకుంటారు. కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, నిష్ఠగా పాటించే ఇంట్లో అది చెల్లదు. పదార్థం ఒక్కటే కాదు, వండిన గిన్నె, పొయ్యి కూడా లెక్కలోకి వస్తాయి. అలాంటి ఇంటికి సీలు తీయని ప్యాకెట్టే తీసుకెళ్లాలి. దాని మీద సున్నాలో ఇంగ్లీషు "యు" అక్షరం లాంటి కోషర్ ముద్ర ఉండాలి. పక్కన "డి" ఉంటే పాల పదార్థం. శుక్రవారం రాత్రి భోజనంలో ఎక్కువగా బ్రిస్కెట్టో (గొడ్డు మాంసం) కోడో ఉంటుంది, మాంసంతోపాటు పాలు కూడదు. కాబట్టి "డి" లేని చాక్లెట్ చూడండి. వైన్ అయితే దానికీ కోషర్ ముద్ర ఉండాలి.

అంత పట్టింపు లేదని తేలితే ఇంట్లో చేసినవే హాయిగా పట్టుకెళ్లండి, నెయ్యి, పాలు లేకుండా. బొబ్బట్లు, కోవా వద్దు. బెల్లం కొబ్బరి ఉండలు బాగుంటాయి. అంతకంటే బాగా కుదిరేవి చేగోడీలు. ఆలయంలో ఒక్కరోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్నది ఈ పండగ కథ, అందుకే నూనెలో వేగినవన్నీ ఈ పండగ వంటలే.

లాట్కెలు, అంటే తురిమిన బంగాళాదుంప అట్లు, శాకాహారులు తినొచ్చు, గుడ్డు పట్టింపు లేకపోతే. మీరే చేసి తీసుకెళ్తానంటే కొలతలివి: రస్సెట్ రకం దుంపలు కిలో, పెద్ద ఉల్లిపాయ ఒకటి, గుడ్లు 2, మైదా లేక మాట్సా (పులియని రొట్టె) పొడి 3 టేబుల్ స్పూన్లు, ఉప్పు టీస్పూనున్నర. దుంప, ఉల్లి ఒకదాని తర్వాత ఒకటి తురమండి. ఉల్లి కలిసిన తురుము తొందరగా నల్లబడదు. పల్చటి గుడ్డలో మూటకట్టి గిన్నె మీద గట్టిగా పిండండి. చెయ్యి నొప్పెట్టాక ఇంకోసారి పిండండి. ఆ నీళ్లు పారబోయకుండా పది నిమిషాలు ఆగితే అడుగున తెల్లటి గంజి ముద్ద పేరుకుంటుంది. పైనీళ్లు వంపేసి ఆ ముద్దని తురుములో కలపండి. అట్టు విడిపోకుండా పట్టేది అదే.

పెనంలో పావంగుళం నూనె పోసి, చిటికెడు తురుము వేస్తే వెంటనే బుసబుసమనేదాకా కాగనివ్వండి. పెద్ద చెంచాడు వేసి ఒత్తి, వైపుకి మూడు నాలుగు నిమిషాలు. ఒకేసారి నాలుగుకి మించి వేస్తే నూనె చల్లారి అట్లు నూనె తాగేస్తాయి. పేపరు టవల్ మీద దొంతరగా పెడితే ఆవిరికి మెత్తబడతాయి. జాలీ మీద విడివిడిగా ఆరనివ్వండి. వాళ్లింటికి వెళ్లాక 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్ జోలికి పోకండి. యాపిల్ సాస్ ఎప్పుడైనా సరే, సోర్ క్రీమ్ మాత్రం మాంసం లేని రోజు.

పిల్లలకి డ్రేడెల్ ఆట ఉంటుంది, పలకకో హీబ్రూ అక్షరం ఉన్న నాలుగు పలకల బొంగరం. ఒక్కొక్కరికి పది పదిహేను చాక్లెట్ నాణేలు ఇస్తారు. నూన్ పడితే ఏమీ లేదు, గీమెల్ పడితే కుప్పంతా మనదే, హే పడితే సగం, షిన్ పడితే ఒకటి వెయ్యాలి. జెలటిన్ తినని ఇల్లయితే పిల్లలకిచ్చే మార్ష్‌మాలోల మీద ఓ కన్నేయండి.

ఇసెలిన్ నుంచి

బహుమతుల గురించి ఎవరూ చెప్పలేదు. 4న ఎరుపు, ఆకుపచ్చ క్రిస్మస్ కాగితంలో చుట్టినవి తీసుకెళ్లకండి, ముఖ్యంగా తాతగారూ నానమ్మా వస్తుంటే. నీలమో వెండిరంగో, లేదా మామూలు కాగితం. ఎనిమిది రోజులకి ఎనిమిది బహుమతులు అన్నది తల్లిదండ్రుల తంటా, అతిథులకి కాదు. 44 కొవ్వొత్తుల పెట్టె ఒకటి తీసుకెళ్లండి. మొదటి రోజు షమాష్‌తో కలిపి 2, చివరి రోజు 9, మొత్తం 44, పండగంతటికీ సరిపోతుంది.

24 రాత్రిది ఇటాలియన్ అమెరికన్ల "ఏడు చేపల విందు". క్రిస్మస్ ముందురోజు మాంసం మానే పాత క్యాథలిక్ అలవాటు నుంచి వచ్చింది. బక్కలా అనే ఉప్పుచేప, కలమారి (స్క్విడ్), రొయ్యలు, ఆల్చిప్పలు ఉంటాయి. మాంసం ఉండదు కానీ శాకాహారం అనుకోకండి. పాస్తా సాస్‌లో కూడా యాంచొవీ అనే చిన్న ఉప్పుచేప కరిగిపోయి ఉంటుంది, కంటికి కనిపించదు. ఆవిడతో ముందే చెప్తే మీ వాటా పాస్తా వెల్లుల్లి, నూనెతో విడిగా తీస్తారు.

బక్కలా ఎలా చేస్తారో చూడాలని ఉంటే 22 నుంచే వెళ్లాలి. ఎండు కాడ్ చేపని ఫ్రిజ్‌లో చన్నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టి, రోజుకి రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తారు. మన ఉప్పుచేపలాగా గంటసేపు నానేస్తే నోట పెట్టలేం. తోక ముక్క పల్చన, ముందే ఉప్పు వదిలేస్తుంది. నడుము ముక్కకి ఇంకో రోజు కావాలి. మందంగా ఉన్నచోట చిన్న పలుకు తుంచి రుచి చూస్తే తెలుస్తుంది.

చర్చిలో పూజకి కూడా రమ్మంటే వెళ్లండి. "మిడ్‌నైట్ మాస్" అంటారే గానీ చాలా చర్చిల్లో రాత్రి పదింటికే పెడుతున్నారు, పిల్లల పూజ సాయంత్రం నాలుగింటికి ఉంటుంది. అరగంట ముందు వెళ్లకపోతే నిలబడాలి. పూజలో పంచే అప్పం (కమ్యూనియన్) పుచ్చుకునే వరసలో క్యాథలిక్కులు కానివాళ్లు అప్పం తీసుకోకూడదు, మన సీఎస్ఐ, బాప్టిస్టు వాళ్లు కూడా. కూర్చునే ఉండొచ్చు, లేదా చేతులు రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే దీవించి పంపుతారు.

చెర్రీ హిల్ నుంచి మళ్లీ

ఆ ఏడు చేపల్లో యూదులాయన తినగలిగేవి కొన్నే. రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపే కోషర్. కాడ్, యాంచొవీ సరే. కలమారి, రొయ్య, ఆల్చిప్ప, పీత, ఈల్ కుదరవు. మీవారు చేపల పులుసు చేసి తెస్తానంటే పండుగప్ప, శీలావతి, బొచ్చె, వంజరం ఏవైనా పరవాలేదు. వాలుగ, జెల్ల, సొర వద్దు. శీలావతిలో సన్నముళ్లుంటాయి, అలవాటు లేనివాళ్ల గొంతులో గుచ్చుకుంటాయి. పండుగప్ప ఫిలెట్లే మేలు.

25న ఈ చుట్టుపక్కల దుకాణాలు చాలావరకు మూత, 24 సాయంత్రం అయిదారింటికే కట్టేసేవీ ఎక్కువే. పాలు, మందులు ముందే తెచ్చుకోండి. 25న చైనీస్ హోటల్, సినిమా న్యూయార్క్ యూదుల పాత ఆనవాయితీ, వాళ్లు పిలిస్తే బల్ల ముందే బుక్ చేసుకోవాలి.

పార్సిపెనీ నుంచి

దారి సంగతి. ఎడిసన్ నుంచి కిల్లింగ్టన్ సుమారు 270 మైళ్లు, రోడ్డు బాగుంటే అయిదు గంటలు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే, న్యూయార్క్ త్రూవే మీదుగా ఆల్బనీ దాటి, ఐ-87లో 20వ ఎగ్జిట్ దిగి, 149 నంబరు రోడ్డు, ఆపైన యూఎస్-4 పట్టుకుని రట్లండ్ మీదుగా. త్రూవేలో డబ్బు తీసుకునే బూత్‌లు లేవు. ఈజీ-పాస్ అనే టోల్ ట్యాగ్ లేకపోతే నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు, రేటు ఎక్కువ.

బయల్దేరే పొద్దున టైర్ల గాలి చూడండి. చలి ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్ఐ చొప్పున తగ్గిపోతుంది. అద్దం కడిగే నీళ్ల బదులు మైనస్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టని ద్రవం పోయండి. మామూలు నీళ్లుంటే హైవే మీద అద్దం తెల్లటి తెర అయిపోతుంది. కారు టాపు మీది మంచు తప్పకుండా దులపాలి, న్యూజెర్సీలో దులపకపోతే జరిమానా ఉంది. బ్రేకు వేసినప్పుడు ఆ పలక జారి మన అద్దం మీదకో వెనకవాళ్ల మీదకో పడుతుంది. మంచులో ఇరుక్కుని ఇంజిను నడుపుతూ కూర్చోవాల్సివస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వండి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది.

పిల్లలకి జీన్స్ వద్దు. నూలు బట్ట తడిస్తే ఆరదు, చలి ఎముకలకి పడుతుంది. ఊలు లేక పాలియెస్టర్ లోబట్టలు, పైన నీరంటని ప్యాంటు. స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకి దొరుకుతాయి, గ్లవ్స్ మాత్రం పిల్లలకి రెండేసి జతలు. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా అక్కడ విపరీతమైన రద్దీ, పిల్లల స్కీ పాఠం ఇప్పుడే బుక్ చేయండి. అద్దె ఇంట్లో ఎండుమిర్చి తాలింపు వేసేముందు కిటికీ తెరవండి, స్మోక్ అలారం మోగితే అందరూ మంచులో నిలబడాలి.

ఎడిసన్ నుంచి

అందరికీ ధన్యవాదాలండీ. అడిగాను, ఆరింటికి వెలిగిస్తారట. అతిథులందరూ వెలిగించడానికి మెనోరా తెచ్చుకోవచ్చు, మీరూ ఒకటి తెచ్చుకోండి అన్నారు. కొన్నాను, ఇత్తడిది. మైనం గడ్డకడితే ఎలా తీయాలి?

క్వీన్స్ నుంచి

ముందే గూళ్లలో చిన్న రేకు కాగితం ముక్కలు దోపితే తర్వాత పని ఉండదు. అంటుకుపోతే అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి, మైనం పెళుసెక్కి చెక్క పుల్లతో ఊడొస్తుంది. కత్తి వాడితే ఇత్తడి మీద గీతలు పడతాయి. వేణ్నీళ్లలో ముంచితే సింకులో పోయకండి, మైనం పైపులో చల్లారి గడ్డకడుతుంది. ఇంకొకటి: కిటికీలో పెట్టడం ఆచారం, కానీ క్రిస్మస్ చెట్టు కూడా అదే కిటికీలో ఉంటే మెనోరాని వేరే కిటికీకి మార్చమని చెప్పండి, కనీసం మూడడుగుల దూరం. కింద అల్యూమినియం పళ్లెం పెట్టి, తెరలు పక్కకి ముడివేయండి.