షెనండోవా లోయలో బడికి మళ్ళీ పాత పేరు: మా అమ్మాయికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: ఫెయిర్‌ఫాక్స్ నాన్న

అందరికీ నమస్కారం. మేము వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి వచ్చి ఆరేళ్ళయింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి చరిత్ర ఉపాధ్యాయురాలు ఒక వ్యాసం రాయమని చెప్పారు. మాకు పశ్చిమాన ఉన్న షెనండోవా కౌంటీలో స్టోన్‌వాల్ జాక్సన్ హైస్కూల్ అని ఒక బడి ఉండేది. 2020 జులైలో అక్కడి స్కూల్ బోర్డు ఆ పేరు తీసివేయాలని నిర్ణయించగా, ఆ బడి మౌంటెన్ వ్యూ హైస్కూల్ అయింది. దానితోపాటు ఆష్‌బీ-లీ ప్రాథమిక పాఠశాల కాస్తా హనీ రన్ అయింది. 2022లో పాత పేర్ల కోసం ప్రయత్నం జరిగింది గానీ, ఓట్లు మూడు మూడుగా చీలిపోయి వీగిపోయింది. తరువాత బోర్డు సభ్యులు మారారు. 2024 మేలో కొత్త బోర్డు 5-1 తేడాతో ఆ రెండు పాత పేర్లనూ తిరిగి పెట్టింది. ఈ నిర్ణయం సరైనదా కాదా అన్నది వ్యాసాంశం.

“నాన్నా, నువ్వేమంటావు?” అని అమ్మాయి అడిగినప్పుడు నేను తడబడ్డాను. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సైన్యంలోని సేనాని జాక్సన్ పేరు బడికి ఉండకూడదని ఒక మనసు చెబుతుంటే, నచ్చని పేర్లన్నీ తుడిచివేస్తూ పోతే చరిత్రలో మిగిలేది ఏమిటని మరో మనసు అడుగుతున్నది. పైగా నిన్న గాక మొన్న వచ్చినవాళ్ళం, వాళ్ళ అంతర్యుద్ధం సంగతుల్లో తీర్పు చెప్పడానికి మనమెవరం అన్న సంకోచం కూడా ఉన్నది. ఇక్కడ ఎక్కువ కాలంగా ఉంటున్నవారు తమ అభిప్రాయం చెప్పగలరా?

జవాబు: అలెగ్జాండ్రియా పాతకాపు

మీ అమ్మాయిని జాక్సన్ జీవితచరిత్ర దగ్గర మొదలుపెట్టవద్దని చెప్పండి. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న చర్చకు అంతు ఉండదు. ఆ బడికి ఆ పేరు ఏ సంవత్సరంలో, ఎలాంటి వాతావరణంలో పెట్టారో చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

జాక్సన్ చనిపోయింది 1863లో. షెనండోవాలోని ఆ హైస్కూల్ తెరిచింది 1959లో. నడుమ తొంభై ఆరేళ్ళు గడిచాయి. మీ కౌంటీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాబర్ట్ ఈ. లీ హైస్కూల్ తెరిచింది 1958లో, ఫాల్స్ చర్చ్ దగ్గర జె.ఇ.బి. స్టువర్ట్ హైస్కూల్ తెరిచింది 1959లో. జాక్సన్, లీ, స్టువర్ట్ అనే ముగ్గురు కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో బానిసత్వం వైపు నిలిచిన దక్షిణాది) సేనానుల పేర్లు రెండేళ్ళ వ్యవధిలో మూడు బడులకు ఎక్కడానికి కారణం 1954 మేలో వచ్చిన బ్రౌన్ తీర్పును గుర్తుకు తెచ్చుకుంటే తెలుస్తుంది. నల్లజాతి పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ వేరువేరు బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు అన్నది. దానిని అమలు కానీయరాదని సెనేటర్ హ్యారీ బర్డ్ నాయకత్వంలో వర్జీనియా ప్రభుత్వం కంకణం కట్టుకున్నది. పిల్లలను కలిపి కూర్చోబెట్టమని కోర్టు ఆదేశించిన బడులను అసలు మూసివేసేలా చట్టం చేసింది. 1958 సెప్టెంబరులో గవర్నర్ ఆల్మండ్ ఆ చట్టం ప్రకారం ఫ్రంట్ రాయల్, షార్లట్స్‌విల్, నార్ఫోక్‌లలో బడులకు తాళాలు వేయించగా, సుమారు 13,000 మంది పిల్లలు వీధిన పడ్డారు. వాళ్ళలో అత్యధికులు తెల్లజాతి పిల్లలే. పక్కవాడికి అన్నం పెట్టవలసి వస్తుందని తన పొయ్యి కూడా ఆర్పుకున్నట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

ఫ్రంట్ రాయల్ ఉన్న వారెన్ కౌంటీ షెనండోవాకు ఆనుకునే ఉంటుంది. అక్కడి హైస్కూల్ 1959 ఫిబ్రవరిలో తిరిగి తెరుచుకున్నప్పుడు లోపలికి వెళ్ళినది ఇరవై పైచిలుకు నల్లజాతి విద్యార్థులు మాత్రమే. తెల్లజాతి పిల్లలు ఒక్కరూ ఆ ఏడాది రాలేదు. పక్క కౌంటీ కొత్త బడికి స్టోన్‌వాల్ జాక్సన్ పేరు వచ్చినది కూడా సరిగ్గా ఆ సంవత్సరమే. ఇది కేవలం చరిత్రాభిమానం అంటే నేను నమ్మలేను. మీ కౌంటీ సంగతే చూడండి. 1954లో మెరిఫీల్డ్ దగ్గర లూథర్ జాక్సన్ హైస్కూల్ తెరిచేదాకా నల్లజాతి పిల్లలకు ఫెయిర్‌ఫాక్స్‌లో హైస్కూలే లేదు. చదువుకోవాలంటే కౌంటీ దాటి వెళ్ళవలసి వచ్చేది.

మా అలెగ్జాండ్రియాలో సేనాని కాదు, విద్యాధికారి పేరే చిక్కు అయింది. టి.సి. విలియమ్స్ అనే ఆయన బడులు కలపడాన్ని గట్టిగా వ్యతిరేకించిన సూపరింటెండెంట్. బడులు కలపాలని కోర్టుకు వెళ్ళినవారిలో ఒక పాఠశాల వంటమనిషి ఉన్నదని తెలిసి, ఆమెను ఉద్యోగంలోంచి తీసివేశాడు. ఆయన పేరుతో దశాబ్దాలపాటు నడిచిన హైస్కూల్ 2021 జులైలో అలెగ్జాండ్రియా సిటీ హైస్కూల్ అయింది. పేరు మారినందువల్ల ఆయనను ఎవరూ మరిచిపోలేదు. నిజానికి ఆ వంటమనిషి సంగతి మా వీధిలో చాలామందికి తెలిసినది పేరు మార్పు చర్చ మొదలైన తరువాతనే.

మనమెవరం అన్న మీ సంకోచానికి ఒక మాట. 1927లో మిసిసిపీ రాష్ట్రంలో చైనా సంతతి బాలికను తెల్లవారి బడిలో చేర్చుకోనక్కర లేదని ఇదే దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజుల్లో మీ అమ్మాయి ఇక్కడ ఉండి ఉంటే ఏ బడికి పంపేవారో ఊహించుకోండి. మనలాంటివారికి ఈ దేశపు తలుపు తెరిచిన 1965 నాటి వలస చట్టం కూడా నల్లజాతివారి హక్కుల ఉద్యమాల గాలిలో వచ్చినదే. కాబట్టి ఇది పరాయివాళ్ళ ఇంటి గొడవ కాదు.

జవాబు: లోయవాసి

పాతకాపు గారు చెప్పిన తేదీలను నేను కాదనను. ఉద్యోగరీత్యా ఈ లోయలో పదకొండేళ్ళుగా ఉంటున్నవాడిగా, ఇక్కడి మనుషుల వైపునుంచి కూడా కొంత చెప్పాలని ఉన్నది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కు లీ తో ఉన్న సంబంధం కంటే ఈ లోయకు జాక్సన్ తో ఉన్న సంబంధం చాలా దగ్గరిది. 1862లో ఆయన పేరు మోగిన దండయాత్ర జరిగినది ఈ ఊళ్ళ మధ్యనే. ఆష్‌బీ-లీ బడి పేరులోని సేనాని టర్నర్ ఆష్‌బీ చనిపోయినది ఇక్కడికి దగ్గరలో హారిసన్‌బర్గ్ పక్కన. 1864 శరదృతువులో ఉత్తరాది సేనాని షెరిడాన్ ఈ లోయలోని ధాన్యపు కొట్లనూ మిల్లులనూ వరుసగా తగలబెట్టించాడు. ముత్తాతల కొట్టు కాలిపోయిన సంగతిని ఇక్కడివాళ్ళు నిన్న జరిగినట్టు చెబుతారు. ఆ జ్ఞాపకంలో బానిసల గోడు వినిపించదన్నది నిజమే. కానీ ఆ జ్ఞాపకమంతా ద్వేషమేనని దూరం నుంచి తేల్చివేస్తే వినేవాళ్ళు చెవులు మూసుకుంటారు. 2020లో మహమ్మారి కాలంలో, సరిగా సమావేశాలు కూడా జరగని రోజుల్లో, తమను అడగకుండా పేరు మార్చారన్నదే వాళ్ళ ప్రధానమైన ఫిర్యాదు. 2024లో బోర్డు పాత పేర్లకు ఒప్పుకున్నది కూడా అందుకే ఎక్కువ అని నా అంచనా.

తొందరపడితే ఏమవుతుందో శాన్ ఫ్రాన్సిస్కో చూపింది. 2021 జనవరిలో అక్కడి బోర్డు ఒకే దెబ్బకు 44 బడుల పేర్లు మార్చాలని తీర్మానించింది. ఆ జాబితాలో వాషింగ్టన్, లింకన్ కూడా ఉన్నారు. అమెరికా స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రివీర్ పాల్గొన్న పెనోబ్‌స్కాట్ దాడి బ్రిటిష్ వారి మీద జరిగినది కాగా, పెనోబ్‌స్కాట్ అనే ఆదివాసి తెగవారి మీద జరిగిందని పొరబడి ఆయన పేరునూ చేర్చారు. చరిత్రకారులను పిలిచి అడగకపోతే ఇంతే. ఏప్రిల్‌లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ముగ్గురు బోర్డు సభ్యులను ఓటర్లు పదవి నుంచి దించివేశారు. అందుకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఇదీ ఒకటి.

మరొక సంగతి మీ అమ్మాయి వ్యాసానికి పనికివస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ బడికి లీ పేరు తీసి నల్లజాతి హక్కుల నాయకుడు జాన్ లూయిస్ పేరు పెట్టారు, ఆ లూయిస్ 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఎడ్మండ్ పెటస్ వంతెన మీద పోలీసుల దెబ్బలకు తల పగిలి పడిపోయినవాడు. ఆ పెటస్ కూడా కాన్ఫెడరేట్ సైన్యాధికారే. వంతెన పేరు మార్చాలని 2015లో కొందరు అడిగినప్పుడు, వద్దని రాసినవారిలో లూయిస్ స్వయంగా ఉన్నాడు. ఆ వంతెనకు నేటికీ పెటస్ పేరే ఉన్నది. దెబ్బలు తిన్నవాడే ఉండనివ్వమన్నప్పుడు, పేరు మార్చడం ఒక్కటే న్యాయమార్గం అని ఎలా అనగలం?

జవాబు: తార్నాక మాస్టారు

లోయవాసి గారు చివర అడిగిన ప్రశ్న మంచిదే గానీ, వంతెనకూ బడికీ తేడా ఉన్నది. పెటస్ పేరున్న వంతెన మీద జరిగిన సంఘటన ఆ పేరు అర్థాన్నే తలకిందులు చేసింది. ఈనాడు సెల్మా వంతెన అనగానే ఎవరికైనా పెటస్ గుర్తుకు రాడు, లూయిస్ గుర్తుకు వస్తాడు. బడి పేరు సంగతి అలా కాదు. ఆటల జట్టు చొక్కా మీదా, ధ్రువపత్రం మీదా, ఉద్యోగపు దరఖాస్తులోనూ దానిని పిల్లవాడు జీవితాంతం మోయాలి. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. తన తాతముత్తాతలను బానిసలుగా అట్టేపెట్టడానికి పోరాడినవాడి పేరు ఉన్న చొక్కా తొడుక్కుని పరుగెత్తే పిల్లవాడి నొప్పి ఓట్లు వేసే పెద్దలకు తెలియదు.

అయితే పేరున్న ప్రతి వివాదాస్పదుడినీ ఒకే గాటన కట్టరాదు. నేను ఉస్మానియాలో చదువుకుని, హైదరాబాదులోనే ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పినవాడిని. మా విశ్వవిద్యాలయానికి ఉన్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. ఆయన పాలన చివర రజాకార్ల ఆగడాలను చూసిన కుటుంబాలు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. 1938లో వందేమాతరం పాడినందుకు ఆ విశ్వవిద్యాలయం నుంచే విద్యార్థులను వెళ్ళగొట్టారు. పి.వి. నరసింహారావు నాగ్‌పూర్ వెళ్ళి చదువుకోవలసి వచ్చినది అందుకే. పేరు మార్చాలన్న మాట మా దగ్గరా అప్పుడప్పుడూ లేస్తుంది. అయినా 1918లో ఆ విద్యాలయాన్ని స్థాపించినది ఆయనే, దేశభాషలో ఉన్నత విద్య చెప్పాలన్న సంకల్పంతో స్థాపించాడు. ఆ బోధన ఉర్దూలో సాగిందనీ, తెలుగువాడికి దానివల్ల ఒరిగినది తక్కువేననీ నేనే ఎన్నోసార్లు వాదించాను, అది వేరే సంగతి. ఆ పేరు ఎవరినో బడి గుమ్మం దగ్గర ఆపడానికి పెట్టినది కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ బడికి లీ ఒక ఇటుక పేర్చలేదు. లెక్సింగ్టన్‌లోని కళాశాల సంగతి వేరు. యుద్ధం ముగిశాక 1865 నుంచి 1870లో చనిపోయేదాకా ఆయన దానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. ఆ వాషింగ్టన్ అండ్ లీ విశ్వవిద్యాలయం 2021లో పేరు ఉంచుకోవాలని నిర్ణయించినప్పుడు నాకు నచ్చకపోయినా, అందులో ఒక తర్కం కనిపించింది.

లీ తన గురించి స్మారకాలు కోరుకున్నవాడు కూడా కాదు. 1869లో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో గుర్తులు నిలపడానికి రమ్మని పిలిస్తే, యుద్ధపు పుండ్లను తెరిచి ఉంచకపోవడమే తెలివైన పని అన్న అర్థం వచ్చేలా జవాబు రాసి వెళ్ళలేదు. అలాగని ఆయనను సాధువును చేయనక్కర లేదు. మామగారి వీలునామా ప్రకారం ఐదేళ్ళలోగా విడిచిపెట్టవలసిన బానిసలను గడువు చివరిదాకా, 1862 డిసెంబరు దాకా ఉంచుకున్నాడు. పారిపోయి పట్టుబడిన తమను కొరడాతో కొట్టించాడని వెస్లీ నోరిస్ అనే ఆయన ఇచ్చిన వాంగ్మూలం 1866లోనే అచ్చయింది.

ఫెయిర్‌ఫాక్స్ నాన్న

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె తెల్లకాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో మనిషి పుట్టిన, చనిపోయిన సంవత్సరాలూ, రెండోదానిలో బడి తెరిచిన సంవత్సరమూ రాసుకుంటున్నది. లోయవాసి గారు చెప్పిన కొట్లు కాలిన సంగతి తన పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలకు మించి లేదని చెప్పి, దానిని కూడా చేర్చుతానన్నది. పాత పేర్లు తిరిగి పెట్టిన తరువాత షెనండోవా బోర్డు మీద ఎవరైనా కోర్టుకు వెళ్ళారా అని అడుగుతున్నది.

అలెగ్జాండ్రియా పాతకాపు

వెళ్ళారు. నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ వర్జీనియా శాఖ 2024 జూన్‌లోనే ఫెడరల్ కోర్టులో దావా వేసింది. మాస్టారు గారు చెప్పిన చొక్కా సంగతే దానిలోనూ ఒక ముఖ్యమైన వాదన. ఆ పేరును మోయమని విద్యార్థిని బలవంతపెట్టడం భావప్రకటన స్వేచ్ఛకు భంగమని వాళ్ళు అన్నారు.

ఒక విచిత్రం కూడా చెప్పి ఆపుతాను. పాత పేర్లు తిరిగి పెట్టే ఓటింగు అర్ధరాత్రి దాటేదాకా సాగిన సమావేశంలో మే 10న ముగిసింది. జాక్సన్ చనిపోయినది మే 10నే. కావాలని చేశారని నేననను.

మీ కౌంటీలోనే మరో ఉదాహరణ ఉన్నది. డబ్ల్యూ.టి. వుడ్‌సన్ హైస్కూల్‌కు 1929 నుంచి 1961 దాకా సూపరింటెండెంట్‌గా ఉండి, బడులు కలపడాన్ని వ్యతిరేకించిన ఆయన పేరు ఉండేది. 2023 నవంబరులో బోర్డు దానిని కార్టర్ జి. వుడ్‌సన్ హైస్కూల్‌గా మార్చాలని నిర్ణయించింది. ఈయన వర్జీనియాలో పుట్టిన నల్లజాతి చరిత్రకారుడు, 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని మొదలుపెట్టినవాడు. ఇంటిపేరు అదే కాబట్టి ఊళ్ళో అందరూ ఇప్పటికీ వుడ్‌సన్ అనే పిలుస్తారు.

ఫెయిర్‌ఫాక్స్ నాన్న

ఈ చివరి సంగతి చదివి అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. “అందరూ అదే పేరుతో పిలుస్తుంటే అది మారినట్టా, మారనట్టా?” అని నన్ను అడిగింది. వ్యాసం శుక్రవారం ఇవ్వాలి. ఆ ప్రశ్ననే మొదటి వాక్యంగా పెట్టుకోమన్నాను.