రాకుమారుడి చోట రాకుమారిని పెడితే సిండ్రెల్లా కథ మారినట్టేనా?

పెన్నఒడ్డు:
మన నెల్లూరు పాఠకుల బృందం ఈసారి చదువుతున్నది సిండ్రెల్లా తిరగరాతలు, అందులోనూ అమ్మాయి అమ్మాయినే ప్రేమించే యంగ్ అడల్ట్ ఫాంటసీలు, అంటే పదారు పదిహేడేళ్ళ పిల్లల కోసం రాసే మాయాకథలు. ఇవంటే నాకు ప్రాణం. అందుకే గట్టిగా అడుగుతున్నా. రాకుమారుణ్ణి లేపేసి ఆ కుర్చీలో రాకుమారిని కూర్చోబెడితే క్వీర్ కథ, అంటే ఆడా మగా ప్రేమ అనే మూసకి ఒదగనివాళ్ళ కథ, అయిపోతుందా? అట్టా రాసినవన్నీ సిండ్రెల్లా వదిలిపోయే కాలి చెప్పు దగ్గరే కూలుతుండాయి. జానపద కథలు పోగేసిన జర్మన్ అన్నదమ్ములు గ్రిమ్ సోదరుల కథ చూడండి. రాకుమారుడు సవతి అక్కలిద్దర్నీ ఒకరి తర్వాత ఒకర్ని గుర్రం ఎక్కించుకుని బయల్దేరతాడు. చెప్పులో నెత్తురు చూడమని పావురాలు చెప్పేదాకా తేడా తెలీదు. మొహం గుర్తులేని మనిషికి ఆనవాలుగా పెట్టిందే ఆ చెప్పు. మగవాడైతే ఎవరమూ అడగలా. ప్రేమించిన అమ్మాయి కూడా పోల్చుకోలేకపోతే అదేం ప్రేమని చదివే పిల్ల అడుగుతుంది. మనిషిని మార్చినప్పుడు చెప్పు చేసే పని కూడా మారాలి. లేకపోతే మారింది పేర్లే.

కనిగిరి కలం:
అసలు గాజు చెప్పన్నదే పొరపాటు. ఫ్రెంచిలో గాజుకీ ఉడత బొచ్చుకీ వాడే మాటలు ఒకేలా పలుకుతాయి. మొదట్లో అది బొచ్చు చెప్పు.

పెన్నఒడ్డు:
కాదన్నా. 1697లో ఫ్రెంచి రచయిత పెరో అచ్చువేసిన కథ పేరులోనే గాజు చెప్పు ఉంది. బొచ్చు వాదన 19వ శతాబ్దంలో లేచింది. గాజే ఎందుకు ఉండాలంటే, తోలు సాగుతుంది, బొచ్చు ఇముడుతుంది, గాజు రెండూ చెయ్యదు. చెప్పు కాలికి లొంగదు, కాలే చెప్పుకి లొంగాలి. గ్రిమ్‌లో అది బంగారం. అందుకే ఒక అక్క వేలు, ఇంకో అక్క మడమ కోసుకునేది.

కనిగిరి కలం:
గాజుతో నాట్యం చేస్తే పగలదా? దానికి జవాబు చెప్పలా మీరు.

మైపాడు అల:
చెప్పు వదిలేసి చెట్టు దగ్గరికి రండి. గ్రిమ్‌లో దేవత లేదు, అర్ధరాత్రి గంట లేదు. అవి పెరోవి. గ్రిమ్‌లో ఉన్నది అమ్మ సమాధి మీద నాటిన కొమ్మ. కూతురి కన్నీళ్ళతో అది చెట్టవుతుంది, దాని మీది పిట్ట బట్టలిస్తుంది. అంతకన్నా పాతది, 9వ శతాబ్దపు చైనా కథలో వరాలిచ్చేవి చేప ఎముకలు. ఆ చేపని చంపేది కూడా సవతి తల్లే. కథ మొదట్నుంచీ ఆడవాళ్ళ మధ్యనే నడిచింది. చనిపోయిన అమ్మ, సవతి తల్లి, అక్కలు. రాకుమారుడు ఆఖర్లో వచ్చే చుట్టం. క్వీర్ తిరగరాత బయటి సరుకేమీ తెచ్చి పెట్టట్లా, దీపం కొంచెం పక్కకి జరుపుతుంది, అంతే. 2009లో మలిండా లో అనే రచయిత్రి రాసిన సిండ్రెల్లా తిరగరాత 'యాష్'లో ప్రేమ రాజుగారి వేటగత్తెతో. వాళ్ళిద్దరూ అడవిలో మెల్లగా, మాటా మాటా కలిసి దగ్గరవుతారు. ఒకరినొకరు ఎరిగినవాళ్ళకి చెప్పుతో పనేముంది? నాకు అందులో ఆనందమంతా ఆ నిదానమే. ఒక్క రాత్రి నాట్యంతో అయిపోదు.

ఇంకొకటి. గ్రిమ్‌లో మూడో రాత్రి పిల్ల పారిపోకుండా రాకుమారుడు మెట్లనిండా తారు పూయిస్తాడు. చెప్పు అందుకే అతుక్కుంటుంది. అది జారిపడ్డ చెప్పు కాదు, ఉచ్చు. ఈ ముక్క పట్టుకోకుండా స్త్రీవాద తిరగరాత రాయడం నాకు అర్థం కాదు.

చేజర్ల చదువరి:
సవతి తల్లిని రాక్షసిగానే ఉంచితే స్త్రీవాదం యాడుంది?

మైపాడు అల:
మంచి ప్రశ్న. గ్రిమ్ సోదరులదే ఇంకో కథ స్నోవైట్. దాని 1812 కూర్పులో ఆ పిల్లని చంపబోయేది కన్నతల్లే. 1819లో గ్రిమ్ సోదరులు సవతి తల్లిని చేశారు. అమ్మ పేరు చెడకుండా ఇంకో ఆడదాని నెత్తిన వేశారు. సరిగా రాయాలంటే ఆమె లెక్క చూపించాలి. ఆస్తి లేని మొగుడుచచ్చిన మనిషి, పెళ్ళికెదిగిన ఇద్దరు కూతుళ్ళు, ఒక్కటే ఇల్లు. ఆ లెక్క తెలిస్తే ఆమె క్రూరత్వం తగ్గదు, కానీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఒంగోలు హేతువు:
ఇంత మాట్లాడి అసలు సంగతి దాటేస్తుండారు. ఈ పుస్తకాలు చాలావరకు ఇద్దరమ్మాయిల పెళ్ళితో ముగుస్తాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇట్టాంటి జంటల బంధం నేరం కాదంది, సరే. 2023 అక్టోబరు 17న వాళ్ళకి పెళ్ళి హక్కు లేదంది. పదహారేళ్ళ పిల్లకి ఆ పెళ్ళి చూపించడం అబద్ధం చెప్పడమే.

మైపాడు అల:
గుమ్మడికాయ బండయితే నమ్మారు. ఎలుకలు గుర్రాలైతే నమ్మారు. ఇద్దరమ్మాయిలు సుఖంగా ఉంటే మాత్రం కోర్టు తీర్పు కావాల్సి వచ్చిందా?

ఒంగోలు హేతువు:
పోయిన నెల నేను పరిచయం చేసిన విషాదాంత కథ కింద 'మళ్ళీ చావేనా' అని ఒక్క ముక్క రాసి పోయారు మీరు. అందులో వాక్యం ఒక్కటీ చదవలా.

మైపాడు అల:
చదివాను. అందుకే రాశాను. అట్టాంటి కథల్లో ఇద్దర్లో ఒకరు చావాలి, లేదా ఒకరికి పెళ్ళి చేసి పంపాలి. చదివే పిల్లకి అది జీవితం కాదు, హెచ్చరిక. సంతోషం చూపించడం అబద్ధమైతే చావొక్కటే నిజమా?

చేజర్ల చదువరి:
ఇద్దరూ కాస్త ఆగండి.

ఒంగోలు హేతువు:
ఆగను. నా కోపం సంతోషం మీద కాదు, కోట మీద. కథ మొదట్లో పొయ్యిలో బూడిద ఎత్తే పిల్ల, ఆఖర్న రాణి పక్కన రాణి. మరి ఆ కోటలో వంటిల్లు లేదా? అక్కడ బూడిద ఎవరెత్తుతారు? ఇంకో పిల్ల ఎత్తుతుంది. ఆమె పేరు ఏ తిరగరాతలోనూ నాకు కనపడలా. ఇద్దరాడవాళ్ళు సింహాసనం ఎక్కితే స్త్రీవాదమని చప్పట్లు కొడుతుంటే నా కడుపు మండుతుంది.

పెన్నఒడ్డు:
ఈ మాట మొదటే రాసుంటే సగం గొడవ తప్పేది. చెప్పు గురించి నేనన్నదీ ఇదే జబ్బు. ఒక్క మనిషిని మార్చి ఇల్లంతా అట్నే ఉంచడం.

మైపాడు అల:
కోట గురించి ఒప్పుకుంటా. కానీ బూడిద ఎత్తే పిల్లకి కూడా ముందు కావాల్సింది ప్రేమకథే. ఆ వరస మీరు మార్చలేరు.

చేజర్ల చదువరి:
ఈ కథని మన నెల్లూరు రొట్టెల పండగలో పెట్టి రాస్తే? స్వర్ణాల చెరువులో కోరిక తీరినామె రొట్టె ఇస్తుంది, కావాల్సినామె తీసుకుంటుంది. తీరాక ఆమె మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తుంది. దేవత అక్కర్లేదు, కోట అక్కర్లేదు. మాయ ఒక ఆడదాని చేతి నుంచి ఇంకో ఆడదాని చేతికి పోతుంది. పెళ్ళి కావాలని కోరుకుని రొట్టె తీసుకునేటప్పుడు ఎవరితో అని చెప్పాల్సిన పని లేదు.

మైపాడు అల:
ఇది రాయండి. రెండో ఏడు ఇద్దరూ కలిసి రొట్టె తెచ్చి నీళ్ళలో నిలబడేచోట ఆపండి.

కనిగిరి కలం:
మరి చెప్పులు గట్టు మీద వదిలి దిగాలి కదా.

పెన్నఒడ్డు:
అవునన్నా. గట్టు మీద వేల జతల్లో తనది వెతుక్కునే అమ్మాయి. అది రాయొచ్చు.

ఒంగోలు హేతువు:
ఆ రొట్టె తెల్లారుజామున ఎవరు కాల్చారో కూడా రాయండి.