ముందు 5 బోల్టులు, వెనక 6 బోల్టులు: అడాప్టర్ పెట్టాలా, హౌసింగే మార్చాలా?

పొదలకూరు_నిమ్మ:
అన్నయ్యలూ, నిమ్మకాయల లోడుకని పాత మహీంద్రా పికప్ ఒకటి తీసుకున్నా, గూడూరు మార్కెట్టుకి తోలేదానికి. ముందు చక్రాలు 5 బోల్టులు, వెనకవి 6. పాత ఓనరు యాక్సిల్ విరిగినప్పుడు గుజిరీలో ఇంకో కంపెనీ బండిది హౌసింగుతో (యాక్సిల్ లోపల కూర్చునే ఇనప గొట్టం) సహా తెచ్చి బిగించేశాడంట. నా దగ్గరుండే స్టెప్నీ 5 బోల్టులది, వెనక పంచరైతే దేనికీ పనికిరాదు. 5 బోల్టుల చక్రం 6 బోల్టుల మీద కూర్చునేలా మధ్యన ప్లేటు, అదే అడాప్టర్, పెట్టమని ఒకరు, బ్రేకు డ్రమ్ముకి కొత్త బెజ్జాలు కొట్టించమని ఇంకొకరు. ఏం చేసేది?

కోవూరు_ఓనర్:
బెజ్జాలు కొట్టించెయ్, ఒక పూట పని. మా బండికి నా కళ్ళ ముందరే కొట్టాడు మెకానిక్కు, ఇప్పటిదాకా ఏం కాలా.

లేత్_ఒంగోలు:
ఎవురయ్యా ఆ మెకానిక్కు? లెక్క వేసే చేశాడా? జీపుల కాలం నుంచీ వచ్చే 5 బోల్టుల వృత్తం అడ్డం ఐదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. 6 బోల్టులవి కూడా చానా బండ్లకి అదే కొలత, అదే చూసి సరిపోద్ది అనుకుంటారు. కానీ ఐదైతే బోల్టుకీ బోల్టుకీ 72 డిగ్రీలు, ఆరైతే 60. ఒక బెజ్జం మాత్రం కలుస్తది. ఇంక రెండు కొత్త బెజ్జాలు పాతవాటి పక్కనే 14.6 మిల్లీమీటర్ల దూరంలో పడతాయి, నడిమి నుంచి నడిమికి. అర అంగుళం బోల్టంటేనే 12.7. మధ్యన మిగిలే ఇనుము 2 మిల్లీమీటర్లు కూడా రాదు, లోడుతో గుంటలో పడితే అక్కడే చీలుద్ది.

కోవూరు_ఓనర్:
పాత బెజ్జాలు వెల్డింగుతో పూడ్చేస్తే?

లేత్_ఒంగోలు:
డ్రమ్ము పోత ఇనుము. మామూలు వెల్డింగు పెడితే చల్లారేటప్పుడు పగులుద్ది, ఆ పగులు రంగు కింద కనపడదు కూడా. నా దగ్గరికి ఇట్టాంటివి వస్తే తిప్పి పంపించేస్తా, డబ్బులు ఇస్తానన్నా సరే.

చీమకుర్తి_రాయి:
రెండు స్టెప్నీలు పెట్టుకుంటే పోయె, ఇంత గోలెందుకు 😀

పొదలకూరు_నిమ్మ:
అన్నా, రెండో స్టెప్నీ యాడ పెట్టేది, ట్రాలీలో పెడితే నిమ్మకాయల బస్తాల చోటు పోద్ది.

హైవే_డ్రైవర్_కావలి:
అడాప్టర్ అని ఎవురన్నా అంటే మాత్రం వినబాక తమ్ముడూ. నేను తోలిన బండికి ఓనరు అడాప్టర్లు పెట్టించాడు, సింగరాయకొండ దాటినాక వెనక ఎడం చక్రం బోల్టులు తెగి చక్రం నన్ను దాటుకుని ముందుకి పోయింది, బండి డ్రమ్ము మీద ఈడ్చుకుంటా పోయి ఆగింది. వెనక బస్సేదీ లేదు గనక బతికా. ఆ నెల జీతంలో రిపేరు ఖర్చు కోశాడు మహానుభావుడు.

కోవూరు_ఓనర్:
అది అడాప్టర్ తప్పా నీ తప్పా? కొత్తగా పెట్టినాక వంద కిలోమీటర్ల లోపల మళ్ళీ నట్లు బిగించాలి, బిగించావా? డ్రైవర్లు పాన్ నముల్తా కూర్చుంటారు, నట్లు చూసేదెవురు.

లేత్_ఒంగోలు:
బిగించినా సరే, ఆ ప్లేటు హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం) ముక్కు మీద కూర్చోవాల. కూర్చోకపోతే బరువంతా బోల్టుల మీద పడుద్ది. ప్లేటు మందం 32 మిల్లీమీటర్లయితే చక్రం ఒక్కో పక్క అంత బయటికి పోద్ది, బేరింగు మీద లోడు పెరుగుద్ది. ఇంకోటి ఎవురూ అడగలా, ఆ వెనక డ్రమ్ము పెద్దదయ్యి ముందు బ్రేకులు పాతవే అయితే వానలో బ్రేకు కొట్టినప్పుడు వెనక చక్రాలు ముందుగా లాక్ అయితాయి. తోక తిరుగుద్ది.

కోవూరు_ఓనర్:
మా బండికి మొన్ననే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పంపించాడు. మీరేమో పెద్ద ఇంజనీర్లు.

హైవే_డ్రైవర్_కావలి:
ఎఫ్‌సీ రోజుకి వేరే చక్రాలు, వేరే లైట్లు అరువు తెచ్చి తగిలించే కతలు నాకు తెలీవనుకున్నావా. ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఎఫ్‌సీ పెట్టిందే ఇట్టాంటివి పట్టుకునేదానికి. కంపెనీ ఇచ్చిన దాన్ని పర్మిషన్ లేకుండా మార్చబాకండి అని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, నీ బండికి వర్తించదా?

కోవూరు_ఓనర్:
తమ్ముడి బండి యాక్సిల్ విరిగిందే నీలాంటోళ్ళు లోడు ఎక్కువ ఎక్కించబట్టి! తోలేటప్పుడు బాగుంటది, విరిగితే ఓనరు మీదకి.

హైవే_డ్రైవర్_కావలి:
లోడు మాట్లాడేది నేనా? ఫోన్లో "రొయ్యల మేత ఇంకో ఇరవై బస్తాలు ఎయ్యి, ఏం కాదు" అనేది ఎవురు? తిరిగొచ్చినాక టన్నుకింత అని లెక్క చూసుకునేది ఎవురు? మీ ఓనర్లు హౌసింగ్ మార్చేది ఇంకా ఎక్కువ ఎక్కించేదానికి. లోపల కూర్చునేది నేను. నీ బండికి ఏ బోల్టుందో నాకు చెప్పకుండా తాళం చేతికిస్తావు, అదీ నా బాధ. ఐదా ఆరా అనేది కాదు.

కోవూరు_ఓనర్:
నేను ఈఎంఐ కట్టేటప్పుడు నువ్వు వచ్చి నిలబడ్డావా?

చీమకుర్తి_రాయి:
ఇద్దరూ కాస్త మజ్జిగ తాగండి.

లేత్_ఒంగోలు:
తమ్ముడూ నిమ్మకాయలూ, ఈ గోల వదిలెయ్. వెనక హౌసింగు వేరే బండిది గనక లోపలి గేరు రేషియో కూడా మారిందేమో చూద్దాం. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి వెనక రెండూ స్టాండ్ల మీద లేపు, న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు వదులు. గేరుబాక్సు నుంచి వెనక్కి పోయే జాయింటు షాఫ్టు మీద సుద్దతో గీత గియ్యి. ఒక చక్రాన్ని మనిషి చేత కదలకుండా పట్టించి రెండోది సరిగ్గా రెండు చుట్లు తిప్పు. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదీ నీ రేషియో.

పొదలకూరు_నిమ్మ:
ఇప్పుడే చూశాం, మా బావమరిది పట్టుకున్నాడు. ఐదు చుట్లకి కాస్త తక్కువ.

లేత్_ఒంగోలు:
అయితే పెద్ద గేరుకి 39, చిన్నదానికి 8 పళ్ళుండే క్రౌన్ పినియన్ అయుంటది, రేషియో 4.88. నీ బండికి ముందు 41, 10 ఉండి ఉంటే అది 4.1. షాఫ్టు ఎక్కువ చుట్లు తిరుగుద్ది, అందుకే నువ్వు 60లో పోతుంటే మీటరు 71 దాకా చూపిస్తది, ఇంజను కూడా ఊరికే అరుస్తది. హైవే మీద తోలేదానికి ఇది దండగ. 5 బోల్టుల హౌసింగు వెతుక్కో, వెతికేటప్పుడు చక్రాల మధ్య వెడల్పు, కమాను కట్టలు (స్ప్రింగు పట్టీలు) కూర్చునే మెత్తల దూరం టేపుతో కొలుచుకో, బోల్టులు లెక్కపెట్టి కొనేస్తే మళ్ళీ ఇదే కత.

హైవే_డ్రైవర్_కావలి:
తమ్ముడూ, ఈ బండి నువ్వే తోలతావా, డ్రైవర్ని పెడతావా?

పొదలకూరు_నిమ్మ:
నేనే అన్నా.

హైవే_డ్రైవర్_కావలి:
అయితే హౌసింగు దొరికేదాకా 6 బోల్టుల స్టెప్నీ ఒకటి కొనుక్కో. రెండు బస్తాలు తగ్గితే తగ్గనీ.

కోవూరు_ఓనర్:
రోజుకి రెండు బస్తాలు, నెలకెంత అయిందో లెక్క వేసుకో తమ్ముడూ.

లేత్_ఒంగోలు:
ఏమైనా చేసుకో, ఆ డ్రమ్ముకి మాత్రం బెజ్జం వెయ్యబాక.