అప్‌డేట్: ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కు దారి దొరికింది

పై గదిలోని డెస్క్‌టాప్ నుంచి హాల్లోని ల్యాప్‌టాప్ ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కు మాత్రం కనెక్షన్ కుదరడం లేదని అడిగాను కదా. చాలామంది ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) ఆపి చూడమన్నారు. ఆపినా ఫలితం లేదు. రెండింటి ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) పోల్చి చూడమన్న ఒక్కరి సలహాతోనే చిక్కుముడి వీడింది.

ల్యాప్‌టాప్ అడ్రసు 192.168.1తో, డెస్క్‌టాప్ అడ్రసు 192.168.0తో మొదలవుతున్నాయి, అంటే రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. సిగ్నల్ కోసం పైన పెట్టిన రెండో రౌటర్ తన వెనక వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. లోపలి నుంచి వెళ్లే కనెక్షన్లను అది పోనిస్తుంది, బయటి నుంచి కొత్తగా వచ్చేవాటిని ఆపేస్తుంది. దాని లెక్కలో మా హాలు కూడా బయటే! ఇంటర్నెట్ రెండు చోట్లా వస్తుంది కాబట్టి ఈ తేడా పైకి కనిపించదు.

ఆ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు, అంటే వేరే నెట్‌వర్క్ నడపకుండా మొదటి రౌటర్ నెట్‌వర్క్‌నే పైకి అందించేలా, మార్చాను. ఆ మోడ్ లేకపోతే దాని సొంత అడ్రసు మొదటి రౌటర్‌తో ఢీకొనకుండా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపి, కేబుల్‌ను వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టు నుంచి ల్యాన్ (ఇంటి పరికరాల వైపు) పోర్టుకు మార్చాలి.

అప్పటికీ ఫోల్డర్లు తెరుచుకోలేదు. డెస్క్‌టాప్‌లో విండోస్ దీన్ని కొత్త నెట్‌వర్క్‌గా ఎంచి పబ్లిక్ ప్రొఫైల్‌లో (చుట్టూ ఉన్న పరికరాలను నమ్మని సెట్టింగ్‌లో) పెట్టింది. ప్రైవేట్‌కు మార్చి ఫైల్ షేరింగ్‌ను అనుమతించాక, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు తెరుచుకుంది. ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది. దాన్ని శాశ్వతంగా ఆపేయమన్న సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు.

ప్రింటర్ ఒక్కటే మిగిలింది. డెస్క్‌టాప్ ఇంకా దాని పాత అడ్రసునే వెతుకుతోంది.