డండీకి జనపనార ఎలా చేరింది? మధ్యలో తిమింగిలం నూనె ఎందుకు?

నూలుకండె:
స్కాట్లండ్‌లో టే నది సముద్రంలో కలిసేచోట ఉన్న డండీ రేవుకు ‘జూటోపొలిస్’ (జనపనార నగరం) అని పేరుండేది. నార పండేది బెంగాల్‌లో. ఆ పరిశ్రమ అంత దూరాన ఎలా స్థిరపడింది? నారకు తిమింగిలం నూనె పట్టించేవారట, దేనికండీ?

గోనెపట్ట:
ముందు నూనె సంగతి. జనపనారలో లిగ్నిన్ (చెక్కకు గట్టితనమిచ్చే పదార్థం) ఎక్కువ, అందుకే పెళుసు. పొడినారను అవిసె నార (ఫ్లాక్స్) వడికే యంత్రాలకెక్కిస్తే ముళ్ల రోలర్ల మీద తునిగి పొట్టయిపోతుంది. డండీలో తొలి ప్రయత్నాలు చెడింది ఇక్కడే. 1830లలో నూనె, నీళ్లు కలిపి చల్లడంతో దారి దొరికింది.

ఆ పనిని బ్యాచింగ్ అంటారు. 400 పౌన్ల (సుమారు 180 కిలోల) బేలు విప్పి, బిగుసుకున్న నార కట్టలను విడదీసి, గాళ్లున్న రోలర్ల మధ్య నలుపుతూ నూనె నీళ్లు పట్టిస్తారు. కుప్పపోసి ఒకటి రెండు రోజులు మగ్గనిస్తారు. నీళ్లు నారను మెత్తబరుస్తాయి, నూనె రాపిడి తగ్గిస్తుంది. తొందరపడి మగ్గనివ్వకపోతే పైన జిడ్డు, లోపల అదే పెళుసు. ఆ తర్వాతే నారను దువ్వే బ్రేకర్ కార్డు, ఫినిషర్ కార్డు యంత్రాలు, దాన్ని సాగదీసి సన్నబరిచే డ్రాయింగ్, రోవింగ్, చివరికి వడకడం. మామూలు గోనె నూలుకు నూనె నార బరువులో 5 శాతం దగ్గర ఉండాలి. తగ్గితే పోగు తెగుతుంది, మించితే సంచిలో సరుక్కి వాసన పడుతుంది. తర్వాతి రోజుల్లో ఖనిజ నూనె వాడారు.

రేవుగట్టు:
డండీకి కావలసినవన్నీ ముందే ఊళ్లో ఉన్నాయి. రష్యా అవిసెతో నడిచే నూలు మిల్లులు, పనితెలిసిన చేతులు, ఆర్కిటిక్‌కు వెళ్లే తిమింగిల వేట ఓడలు. 1838లో డచ్చి ప్రభుత్వం కాఫీ సంచులకు ఆర్డరిచ్చింది. క్రిమియా యుద్ధంలో రష్యా అవిసెకు అడ్డంకులు రావడంతో మిల్లులు జనపనార వైపు ఇంకా మళ్లాయి. దీపాలకు గ్యాసు వచ్చి తిమింగిలం నూనెకు గిరాకీ పడిపోయాక కూడా డండీ వేట సాగడానికి ఈ మిల్లులే ఆసరా. నా దృష్టిలో ఈ ఊరి కథలో అసలు మెలిక ఇదే.

డండీలోని లోచీ పేటలో ఉన్న క్యాంపర్‌డౌన్ మిల్లులో సుమారు 5,000 మంది పనిచేసేవారు. 1866 నాటి 282 అడుగుల పొగగొట్టం ఇప్పటికీ నిలిచే ఉంది, మిల్లు మాత్రం 1981లో మూతపడింది. కూలీలలో ఎక్కువమంది ఆడవాళ్లే. మగపిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండగానే పెద్దల కూలి ఇవ్వాల్సి వస్తుందని తీసేసేవారు. భార్య మిల్లుకెళితే ఇంట్లో ఉండే మగవాళ్లకు ‘కెటిల్ బాయిలర్’ (టీ నీళ్లు కాచేవాడు) అని పేరు పడింది. మగ్గాల హోరులో మాట వినబడదు కాబట్టి పెదవులు చూసే మాట్లాడుకునేవారు.

పోటీ కూడా డండీ యంత్రాలతోనే మొదలైంది. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో మిల్లు పెట్టారు. నార చేతికందే దూరం, కూలి తక్కువ. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కలకత్తా ముందుకెళ్లింది. డండీకి చివరి జనపనార ఓడ 1998లో వచ్చింది.

నూలుకండె:
మన గోగునారకూ ఇదే పద్ధతా?

గోనెపట్ట:
అవునండీ. భీమునిపట్నం పేరు మీద వ్యాపారంలో దాన్ని ‘బిమ్లీ జూట్’ అంటారు. జనపనార కంటే ముతక, బిరుసు. అందుకే మెత్తబరచడం మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి. సన్న నూలుకు పనికిరాదు, జనపనారతో కలిపి గోనె సంచుల నూలుకు వాడతారు.