ట్రిప్పుల్లో హోంస్కూల్ పిల్లల హుషారు: చదువు గొప్పదా, గుంపు చిన్నదా?

ఎంవీపీ అమ్మ:
మా ఇద్దరు పిల్లలకూ చదువు ఇంట్లోనే. మాలాంటి కుటుంబాలం కొందరం కలిసి అప్పుడప్పుడూ ఏదో ఒకటి చూడ్డానికి బయల్దేరతాం. మొన్న విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి వెళ్లాం. మా తొమ్మిదేళ్లవాడు టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు) వదిలే గొట్టాల దగ్గర కదల్లేదు. "టార్పెడో వదిలాక లోపలి మూత తీస్తే సముద్రం లోపలికి వచ్చేయదా?" అని అడిగాడు. రెండు మూతలూ ఒకేసారి తెరుచుకోవనీ, బయటిది మూసి, గొట్టంలో నీళ్లు తీసేశాకే లోపలిది తెరుస్తారనీ గైడ్ ఓపిగ్గా చెప్పారు. ఆయన నేవీలో చేసి రిటైరైనవారు. అప్పుడే ఓ స్కూలు పిల్లలు మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయారు. ఒక్కరూ ఆగలేదు. బడి చదువు కుతూహలాన్ని చంపేస్తోందని నా అభిప్రాయం. మీరేమంటారు?

గాజువాక సైన్స్ టీచర్:
కుతూహలం చావలేదు మేడమ్, ఆగడానికి చోటు లేదు. 91 మీటర్ల పొడవున్నా లోపల నడవ ఒక మనిషి పట్టేంతే. గుండ్రటి గుమ్మాల్లోంచి వంగి దూరాలి. అరవై మందిని తీసుకెళ్లినప్పుడు ఒకడు ఆగితే వెనక లైనంతా ఆగుతుంది, టికెట్ కొనుక్కున్న జనం మా మీద విసుక్కుంటారు. "నడవండి, నడవండి" అనక తప్పదు. వాళ్ల ప్రశ్నలు బస్సెక్కాక మొదలవుతాయి, అప్పటికి గైడ్ ఉండడు. మీ నలుగురైదుగురిని మా అరవై మందితో పోలిస్తే ఎలా?

మధురవాడ నాన్న:
గ్రూపుల్లో అందరూ పెట్టేది ట్రిప్పు ఫొటోలే. ఎక్కాలు అప్పజెప్పమంటే మంచం కింద దూరిన మంగళవారం ఫొటో ఎవరూ పెట్టరు. మా పాపను కరోనా తర్వాత కొన్నాళ్లు ఇంట్లోనే చదివించాం. బొర్రా గుహల్లో సున్నపురాయి, కార్బన్ డయాక్సైడ్ అంటూ గడగడా చెప్పేసింది. ముందురోజు రాత్రి మా ఆవిడ వీడియో చూపించింది మరి! హుషారు వేరు, తెలుసుకోవడం వేరు.

సీతమ్మధార తాత:
ట్రిప్పులు బాగానే ఉన్నాయి. టెన్త్ మాటేమిటి?

ఎంవీపీ అమ్మ:
తాతగారూ, 14 ఏళ్లు నిండితే జాతీయ ఓపెన్ స్కూల్లో టెన్త్ రాయొచ్చు. ఆ టెన్షన్ లేదు.
మాస్టారూ, గుంపు సంగతి సరే, మరి టైమ్ మాటేమిటి? ఎర్రమట్టి దిబ్బలకు వానల ముందు ఓసారి, వానలయ్యాక ఓసారి వెళ్లాం. మా పాపకు మోకాలి లోతున్న ఓ కాలువ రెండోసారికి నడుము దాకా దిగింది. ఇనుము పట్టి ఎర్రబడిన ఇసుక కదా, నీళ్లకు ఇట్టే కోసుకుపోతుంది. (అన్నట్టు, పిల్లల్ని ఆ దిబ్బలెక్కి జారనివ్వకండి.) బడివాళ్లు కార్తీకమాసం పిక్నిక్‌కి ఒక్కసారి వస్తారు, పులిహోర తిని వెళ్తారు. తేడా ఎలా కనిపిస్తుంది?

గాజువాక సైన్స్ టీచర్:
రెండోసారి వెళ్లడం మంచిదే. పర్మిషన్, బస్సు, తల్లిదండ్రుల సంతకాలు అన్నీ మళ్లీ మొదటి నుంచి కావాలి, మాకు కుదరదు. కానీ మా దగ్గర దొరికేది ఒకటుంది. ఒంటిపూట బడులప్పుడు సెవెన్త్ పిల్లల్ని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాను. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఎందుకు కట్టేశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. క్లాసులో నోరెత్తని ఓ మత్స్యకారుల కుర్రాడు ముందుకొచ్చాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమనీ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బందు అనీ చెప్పాడు. వల కన్ను ఎంతుంటే పిల్ల చేపలు జారిపోతాయో వేళ్లతో చూపించాడు. మిగతావాళ్లు వాణ్ని వదిలితే ఒట్టు. "మరి రెండు నెలలు ఇంట్లో డబ్బులెలా?" అని ఓ అమ్మాయి అడిగింది. అది నా పాఠంలో లేని ప్రశ్న. మీ గ్రూపులో అందరూ ఒకే రకం ఇళ్ల పిల్లలైతే దానికి జవాబు చెప్పేదెవరు?

మధురవాడ నాన్న:
ఇంతకీ వాడేం చెప్పాడు మాస్టారూ?

గాజువాక సైన్స్ టీచర్:
గవర్నమెంటు భృతి ఇస్తుంది, అది చేతికొచ్చేదాకా అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది అన్నాడు.

ఎంవీపీ అమ్మ:
పొద్దున్నే వేలం చూడ్డానికి మేమూ హార్బర్‌కి వెళ్తుంటాం, జాలర్లు మా పిల్లలకీ బాగానే చెప్తారు. అయితే మావాడి పక్కన అలాంటి స్నేహితుడు లేడు, నిజమే. దానికోసం పొద్దస్తమానం బడిలో కూర్చోవాలా, సాయంత్రం ఆటలు చాలవా?